మన, మా, మీ

ఆ పొద్దున ఆకాశం ఎటూ తేల్చుకోలేదు. తూర్పున కాస్త ఎర్రబడి, అంతలోనే మనసు మార్చుకున్నట్టు బూడిదరంగుకు తిరిగింది. వాన పడే మబ్బు కాదు, ఎండ రానిచ్చే మబ్బూ కాదు. పిండకుండా ఆరేసిన దుప్పటిలా ఇళ్ళ కప్పుల మీదికి వేలాడుతోంది.

ఇంట్లో ఎవరూ ఆకాశం చూడలేదు. గుమ్మం పక్కన చెప్పులు విడిచే చోటు చూశారు.

మేస్త్రీ చెప్పులున్నాయి. పెద్దబ్బాయి బూట్లున్నాయి. చిన్నమ్మాయి చెప్పులు లేవు.

"ఎప్పుడు వెళ్ళింది?" అన్నాడు మేస్త్రీ.

"నేను లేచేసరికే లేదు," అంది భార్య.

"అయితే పడుకోలేదన్నమాట."

"పడుకుంది. నిద్రపోయిందో లేదో నాకేం తెలుసు. మీరు నిద్రపోయారా ఏంటి?"

మేస్త్రీ మళ్ళీ చెప్పుల చోటే చూశాడు. రాత్రి ఆయన కూతురితో అన్న మాట ఇంకా ఆ గదిలోనే ఉంది. దాన్ని ఎవరూ ఊడ్చి బయట పారేయలేదు.

"రేపు గేటు లోపల ఉంటావో, వాళ్ళతో కలిసి బయట కూర్చుంటావో తేల్చుకో. బయట కూర్చుంటే ఇంటికి రానక్కర్లేదు."

అన్నాక ఆయన ఆ మాట వెనక్కి తీసుకోలేదు. తీసుకోమని కూతురు అడగనూ లేదు. తన కంచం తను కడుక్కుని వెళ్ళి పడుకుంది.

మేస్త్రీ తలుపుల కార్ఖానాలో పని ఆగిపోయి ఉంది. జిగురు రాసి బిగిస్తున్న చౌకట్టును మధ్యలో వదిలేసి, పనివాళ్ళలో పొడుగోడు పోయిన వారం సరిగ్గా ఆరింటికి చేతులు కడుక్కుని ఇంటికి పోయాడు. తెల్లారేసరికి ఆ చౌకట్టు వంకర తిరిగి గట్టిపడిపోయింది. పని ఎన్నింటికి వదలాలన్న గొడవ అక్కడ మొదలైంది. ఒక్క చౌకట్టు వంకర తీయడానికి ఇప్పుడు కార్ఖానా మొత్తం గేటు బయట కూర్చుంది.

పెద్దబ్బాయి ఫోను జేబులో పెట్టుకుని తండ్రికి ఎదురుగా కూర్చున్నాడు. వ్యాపారం చదువుకుని వచ్చినవాడు. కార్ఖానా ముందుగదిలో కూర్చుని ఆర్డర్లు చూస్తాడు. పనివాళ్ళు ముఖం ముందు 'బాబు' అంటారు, వెనక 'మేనేజరు' అంటారు.

"నేను చెప్పేది ఒకసారి విను నాన్నా. ఈ రోజుల్లో ఓనరు, వర్కరు అని ఎవరూ అనడం లేదు. టీమ్ అంటారు. ఫ్యామిలీ అంటారు. ఏడాదికోసారి అందరికీ చిన్న చిన్న వాటాలు రాసిస్తారు. వాటా ఉందనుకుంటే ఎవడూ గడియారం చూడడు."

"నిజంగా ఇస్తారా వాటా?"

"ఇస్తారు. కాకపోతే అమ్ముకోడానికి ఉండదు. లెక్క అడగడానికి ఉండదు."

"అప్పుడు అది వాటా ఎలా అవుతుంది?"

"వాటా ఉందన్న ఫీలింగ్ నాన్నా. అసలు విలువ దానిదే."

"ఆ ఫీలింగ్ నాకు పెళ్ళయినప్పటినుంచీ ఉంది," అంది తల్లి, పొయ్యి దగ్గరనుంచి.

మేస్త్రీ నవ్వలేదు. "వాటా కోసం నేను లాఠీ దెబ్బలు తిన్నానురా. దాన్ని నువ్వు ఫీలింగ్ అంటున్నావు."

"అందుకే చెబుతున్నా. మీ కాలం సోషలిజం ఇప్పుడెవరికీ అక్కర్లేదు. నా బిజినెస్సూ వాళ్ళకి నచ్చదు. రెంటికీ మధ్య ఏదో ఒకటి చూపించాలి."

"చూపించాలా, ఇవ్వాలా?"

ఇంతలో మేస్త్రీ ఫోను మోగింది.

పెన్సిల్ బాబాయ్. చెవి మీద పెన్సిలు లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు. మేస్త్రీతో కలిసి కోతమిల్లులో రంపం పట్టినవాడు. ఇప్పుడు మేస్త్రీ దగ్గరే చౌకట్లు కొలిచి గీతలు గీస్తాడు.

"వచ్చావా ఏంటి గేటు దగ్గరికి?"

"లేదు. ఏమైంది?"

"గోడ మీద రాశారు. వచ్చి చదువుకో. నీ కూతురి చేతిరాతే."

మేస్త్రీ లేచి చొక్కా వేసుకున్నాడు. గుండీలు ఒకటి ఎగువ, ఒకటి దిగువ పడ్డాయి. భార్య చూసింది కానీ సరిచేయలేదు.

"కోప్పడకండి," అంది.

"కోపం నిన్ననే అయిపోయింది."

"అయిపోతే రాత్రి అన్నది కూడా అయిపోయినట్టేనా?"

ఆయన చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. పెద్దబ్బాయి వెనకే నడిచాడు.

*

కార్ఖానా ఉన్న వీధిలో అన్నీ అలాంటి షెడ్లే. ఒక పక్క టైర్లకు పంచర్లు వేసే కొట్టు, ఇంకో పక్క అద్దాలు కోసేవాళ్ళు. ఎదురుగా లేత్ మిషను. వీధి పొడుగునా ఎవరి చప్పుడు వాళ్ళు చేస్తుంటే మధ్యలో తలుపుల కార్ఖానా ఒక్కటే నోరు మూసుకుని ఉంది.

గేటు మీద బోర్డు పాతది. 'మన తలుపులు' అని ఉంటుంది. నలుగురు కలిసి పెట్టినప్పుడు రాసిన పేరు. ముగ్గురు ఒక్కొక్కరుగా తప్పుకుని మేస్త్రీ ఒక్కడే మిగిలినా ఆయన దాన్ని మార్చలేదు. తనను ఓనరుగారని కూడా పిలవనివ్వలేదు.

పనివాళ్ళు గోడ పక్కన పాత చెక్కల మీద కూర్చున్నారు. అందరూ కుర్రవాళ్ళే, పెన్సిల్ బాబాయ్ తప్ప. చిన్నమ్మాయి వాళ్ళకు కాస్త ఎడంగా నిలబడి ఉంది. చేతిలో కుంచె, కాళ్ళ దగ్గర పాలిష్ రంగు డబ్బా. చదువు మానేసి రెండేళ్ళుగా ఆమె ఆ షెడ్డులోనే తలుపులకు పాలిష్ పెడుతోంది. వాళ్ళు ఆమెను పాలిషమ్మ అంటారు.

గోడ మీద అక్షరాలు ముదురు గోధుమరంగులో, తలుపులకు వేసే రంగుతోనే, పొందికగా ఉన్నాయి.

'మన కార్ఖానాలో మనకు వేళ కావాలి.'

మేస్త్రీ రెండుసార్లు చదివాడు.

"మన అని రాసింది," అన్నాడు కొడుకుతో, మెల్లగా.

"ఆరు గంటలని రాయలేదు. బేరానికి చోటుంది," అన్నాడు కొడుకు.

మేస్త్రీ అది వినిపించుకోలేదు. వాళ్ళ దగ్గరికి వెళ్ళాడు.

"టీ తాగారా అందరూ?"

"తాగాం మేస్త్రీ."

"గోడ చదివాను. బాగుంది. నిజమే కదా, మన కార్ఖానాయే. మనం కూర్చుని మాట్లాడుకుంటే తెగని సంగతేం కాదు. గేటు తీద్దాం. పని చేసుకుంటూ మనం మాట్లాడుకుందాం."

పొడుగోడు పక్కవాడి వైపు చూసి, "అదిగో, వచ్చింది," అన్నాడు.

"ఏం వచ్చింది?"

"మనం."

కుర్రవాళ్ళు నవ్వారు. మేస్త్రీకి నవ్వులో ఏముందో అర్థం కాలేదు. ముఖం మాత్రం నవ్వడానికి సిద్ధం చేసుకున్నాడు.

పొడుగోడు లేచి నిలబడ్డాడు. వాడు లేస్తే లేస్తూనే ఉంటాడు. "ఏమనుకోకండి మేస్త్రీ. 'ఈ ఒక్క చౌకట్టు మనం బిగించేసి పోదాం' అంటారు మీరు. అక్కడ మనం అంటే నేను. 'సెలవు రోజు మనం ఒక్క పూట వద్దాం' అంటారు. అక్కడా మనం అంటే నేనే. మీ నోట ఆ మాట వినబడితే నాకు వెంటనే ఇంటికి ఫోన్ చేసి ఆలస్యమవుతుందని చెప్పాలనిపిస్తుంది."

"నేను కూడా ఉంటాను కదయ్యా. మీకంటే ముందు నేను ఇంటికి పోయిన రోజు ఒక్కటి చెప్పండి."

"లేదు. మా ఇబ్బంది అదే. మీరు పోయుంటే మేమూ పోయేవాళ్ళం."

ఎవరో దగ్గారు. మేస్త్రీ తన ముఖం మీది నవ్వును ఎక్కడ దించాలో తెలియనట్టు కాసేపు అలాగే ఉంచుకున్నాడు.

"పాలిషమ్మా," అన్నాడు పొడుగోడు వెనక్కి తిరిగి, "నేను చెప్పింది ఏంటి, నువ్వు రాసింది ఏంటి?"

చిన్నమ్మాయి గోడ చూసింది. అప్పటిదాకా తను రాసింది తను చదువుకోలేదని ఆ చూపులో తెలుస్తోంది.

"అలవాటులో పడిపోయింది," అంది.

"నువ్వు రాసింది చదివి ఆయన సంతోషంగా వచ్చేశారు చూడు. తుడిచెయ్."

ఆమె పాత గుడ్డను టర్పెంటైన్‌లో ముంచి, రెండు 'మన'లనూ తుడిచింది. ఒకటి వాక్యం మొదట్లో, ఇంకొకటి మధ్యలో. తుడిచిన చోట రంగు పోలేదు. మురికిగా అలుముకుంది.

"'మా' అని పెట్టాలి అక్కడ," అన్నాడు పెన్సిల్ బాబాయ్ కూర్చున్నచోటి నుంచే. "మా రోజుల్లో అదే రాశాం. 'మిల్లు మాది' అని. ఈ మేస్త్రీయే నిచ్చెన ఎక్కి రాశాడు. డబ్బా నేను పట్టుకున్నా. సగం రంగు నా నెత్తి మీదే పోశాడు."

"నిచ్చెన ఊపింది ఎవరు?" అన్నాడు మేస్త్రీ.

"పోలీసులొస్తున్నారని ఊపా."

ఇద్దరూ కాస్త నవ్వుకున్నారు. కుర్రవాళ్ళు మర్యాదగా ఆగారు. వాళ్ళకు ఆ మిల్లు తెలియదు. ఇప్పుడక్కడ కార్లు నిలుపుతారు.

మేస్త్రీ పొడుగోడి వైపు తిరిగాడు. "రాయండి. 'మా కార్ఖానా' అనే రాయండి. నేను కాదనను. లాక్కోవాలనుకునేవాణ్ణి నేను అర్థం చేసుకోగలను. నేనూ ఒకప్పుడు లాక్కోవాలనుకున్నవాణ్ణే."

"మాకెందుకు మేస్త్రీ?" అన్నాడు పొడుగోడు.

వాడి గొంతులో వెటకారం లేదు. నిజంగానే అడిగాడు.

"కరెంటు పోతే మీ పరుగు. కలప తడిస్తే మీ పరుగు. తలుపు పట్టడం లేదని ఎవరో ఫోన్ చేసి తిడితే మీరు పడాలి. మీ బీపీ మాత్రలు. అవన్నీ పెట్టుకుని మేమేం చేసుకుంటాం? కార్ఖానా మీదే. మీ దగ్గరే ఉంచుకోండి. మీ కార్ఖానాలో మాకు వేళ కావాలి. నేను చెప్పిన మాట అది. 'మీ' అని రాయమన్నా."

మేస్త్రీ గోడ వైపు తిరిగాడు.

'మా' అని ఉంటే ఆయనకు కోపం వచ్చేది. కోపంతో పాటు లోపల ఎక్కడో కొంచెం గర్వం కూడా వచ్చేది. 'మీ' అన్నప్పుడు ఏం రావాలో ఆయనకు తెలియలేదు.

"అయితే మీకేం కావాలి?" అన్నాడు చివరికి. "వేళ సంగతి కాదు. అసలు, మొత్తం మీద?"

"సాయంత్రం," అన్నాడు పొడుగోడు.

"సాయంత్రం ఏం చేస్తారు?"

"అది ఎవరూ అడగకపోతే చాలు."

పెద్దబ్బాయి తన మాట అందుకోవలసిన సమయం ఇదే అనుకున్నాడు. "అందరికీ వాటాలు ఇద్దామని నాన్నతో ఇప్పుడే అంటున్నా," అన్నాడు.

గరుకు కాగితం పట్టే కుర్రాడు ఒకడు తల ఎత్తాడు. "నాకు కావాలి. అమ్ముకుని బండి కొనుక్కుంటా."

"అమ్ముకోడానికి ఉండదు."

"అయితే మీ దగ్గరే ఉండనివ్వండి బాబూ, భద్రంగా."

మళ్ళీ నవ్వులు. పెద్దబ్బాయి ముఖం ముడుచుకుంది. పొడుగోణ్ణి పట్టుకున్నాడు. "ఇంతకీ నువ్వు సోషలిస్టువా, కాదా? అది చెప్పు. కార్ఖానా వద్దంటావు, వాటా వద్దంటావు. సమ్మె చేస్తావు."

పొడుగోడు ఆలోచించాడు. "టీవీలో అరుచుకునేటప్పుడు ఇద్దరూ చెప్పేది నిజమే అనిపిస్తుంది బాబూ. ఎవరిది ఎక్కువ నిజమో తేల్చుకోడానికి తీరిక దొరకలేదు. ఆరింటికి వదిలితే తేల్చుకుని చెబుతా."

పెన్సిల్ బాబాయ్ పెన్సిలు తీసి చూసుకుని మళ్ళీ చెవి మీద పెట్టుకున్నాడు. ఆయనకు నవ్వు ఆపుకోవాలంటే అదే దారి.

*

"రాయి మరి," అన్నాడు పొడుగోడు. "మొదట 'మీ'. మధ్యలో 'మా'."

చిన్నమ్మాయి కుంచె డబ్బాలో ముంచింది. అంచుకు రాసి ఎక్కువ రంగు కార్చింది. గోడ దగ్గరికి వెళ్ళి చెయ్యి ఎత్తింది.

ఎత్తిన చెయ్యి అక్కడే ఉండిపోయింది.

కుంచె కొసన రంగు చుక్క కట్టి, మోచేతి దాకా జారింది. ఆమె తుడుచుకోలేదు. తండ్రి వెనకే నిలబడి ఉన్నాడని ఆమెకు తెలుసు. ఆయన్ని 'మీ' అనాలి. ఏ ఇంట్లో ఉండి అనాలి?

"ఆమెకి అది రాయడం రాదులే," అన్నాడు వెనకనుంచి ఒకడు. "వాళ్ళ నాన్నదేగా."

"చిన్న ఓనరమ్మ," అన్నాడు ఇంకొకడు.

కసితో అన్నవి కావు. వాళ్ళు ఆమె పక్కన కూర్చుని అన్నం తిన్నవాళ్ళే. అయినా నవ్వు నవ్వే.

ఆమె కుంచె డబ్బా మీద అడ్డంగా పెట్టింది. తిరిగి తండ్రి దగ్గరికి వచ్చింది.

"నాన్నా, నన్ను పనిలో పెట్టుకో."

మేస్త్రీకి మొదట అర్థం కాలేదు. "పనిలోనే ఉన్నావు కదా అమ్మడూ."

"అలా కాదు. వీళ్ళను పెట్టుకున్నట్టు. పాలిష్‌కి ఇంకో మనిషి కావాలని నువ్వే అంటున్నావు కదా. ఆ మనిషిని నేనే. జీతం ఇవ్వు. వేళకి వస్తా, వేళకి పోతా."

"నీకు జీతం ఏంటి? అంతా నీదే అయితే."

"అంతా వద్దు."

"పిచ్చి పట్టిందా నీకు?" అన్నాడు అన్న. "సగానికి వారసురాలివి. ఎవరైనా తన కార్ఖానాలో తనే ఉద్యోగం అడుగుతారా?"

"వారసురాలు గేటు బయట కూర్చుంటే దాన్ని సమ్మె అనరు అన్నయ్యా. అలక అంటారు."

పొడుగోడు నేల చూశాడు.

"ఇంటికి రావద్దన్నానని అడుగుతున్నావా?" అన్నాడు మేస్త్రీ. గొంతు తగ్గించే అన్నాడు గాని అందరికీ వినబడింది.

"కాదు. రమ్మన్నా ఇదే అడిగేదాన్ని."

"మరి?"

"పొడుగోణ్ణి పొమ్మంటే పనిలోంచి పొమ్మంటావు. వాడికి ఇల్లు ఉంటుంది. రాత్రి నన్ను ఒక్క మాట అన్నావు. ఆ ఒక్క మాటకే నాకు పనీ పోయింది, ఇల్లూ పోయింది. రెండూ ఒకే ముడి వేసి ఉన్నాయి నాకు. ఆ ముడి విప్పమంటున్నా. అంతే."

ఎదురుగా లేత్ మిషను ఆగింది. ఆపినవాడు గుమ్మంలోకి వచ్చి, తనకు సంబంధం లేని గొడవ వినడానికి వీలుగా చేతులు కట్టుకున్నాడు.

మేస్త్రీ పెన్సిల్ బాబాయ్ వైపు చూశాడు. ఆ చూపులో ఏదైనా ఒక మాట సాయం అడిగాడు. పెన్సిల్ బాబాయ్ తను కూర్చున్న చెక్క వైపు చూసుకున్నాడు.

మేస్త్రీ తన చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా ఉన్నాయని అప్పుడు చూసుకున్నాడు. ఒక్కొక్కటే విప్పి, మళ్ళీ పెట్టుకున్నాడు. చివరిది పెట్టుకున్నాక కూతురి ముఖంలోకి కాకుండా భుజం మీదుగా చూస్తూ అన్నాడు.

"రేపు ఎనిమిదింటికి రండి."

ఎవరూ కదల్లేదు.

తన దగ్గర పనిచేసేవాళ్ళలో ఎంత చిన్నవాణ్ణయినా ఆయన 'మీరు' అనే అంటాడు. కోతమిల్లు యజమాని అందర్నీ 'ఒరే' అని పిలిచేవాడు. ఆ రోజుల్లో పెట్టుకున్న నియమం ఇది. పెన్సిల్ బాబాయ్ ఒక్కడికి మినహాయింపు.

కాబట్టి ఆమెకు పని దొరికిందని అక్కడున్న అందరికీ అర్థమైంది. ఇంకేం జరిగిందో కూడా అర్థమైంది.

చిన్నమ్మాయి ముఖంలో రంగు తగ్గింది.

"వస్తానండీ," అంది.

ఆ 'అండీ' కోసం ఆమె వెతుక్కోలేదు. నాలుక మీద ఎప్పటినుంచో సిద్ధంగా ఉన్నట్టు దొరికింది.

కాసేపటికి పొడుగోడు అడిగాడు, అడగాలి కాబట్టి. "మరి వేళ సంగతి మేస్త్రీ?"

"అది మీరంతా కలిసి అడగాలి. ఇప్పుడు ఈవిడ కూడా మీలో మనిషే కదా. కూర్చుని అనుకుని చెప్పండి."

ఆయన గేటులోని చిన్న తలుపు తెరుచుకుని లోపలికి వెళ్ళాడు. లోపలినుంచి గడియ పడిన చప్పుడైంది. కాసేపటికి చిత్రిక పడుతున్న చప్పుడు మొదలైంది. ఒక్క మనిషి, ఒక్క చెక్క. మధ్య మధ్య ఆగుతోంది.

పెద్దబ్బాయి గేటు తట్టాడు. తెరుచుకోలేదు. ఎవరికీ చెప్పకుండా ఇంటిదారి పట్టాడు.

పొడుగోడు కుంచె తీసుకున్నాడు. తుడిచిన మొదటి చోట 'మీ' అని తనే రాశాడు. గుడిదీర్ఘం పొడుగ్గా, అక్షరం వంకరగా వచ్చింది. కుంచె ఆమె చేతికిచ్చాడు.

"రెండోది నువ్వే రాయి. ఇప్పుడు రాయొచ్చు."

చిన్నమ్మాయి 'మా' రాసింది. కుదురుగా వచ్చింది. దూరం నుంచి చూస్తే ఆ వాక్యం ఇద్దరు రాసినట్టు తెలిసిపోతోంది.

*

జరిగింది తల్లికి కొడుకు ద్వారా ముందే చేరింది. ఆమె విని, "ఊఁ" అని, కూర తరగడం ఆపలేదు.

మధ్యాహ్నం చిన్నమ్మాయి వచ్చింది. గుమ్మం ముందు మెట్టు మీద ఆగిపోయింది. మోచేతి మీద రంగు చార ఎండి పగిలింది.

"లోపలికి రానా?"

"ఎవర్ని అడుగుతున్నావు?"

"నిన్నే."

"నేనెప్పుడు పొమ్మన్నానే?"

ఆమె లోపలికి వచ్చింది. కాళ్ళు కడుక్కుంది. మోచేతి రంగు సబ్బుకు పోలేదు. తల్లి కాస్త నూనె తెచ్చి రుద్దింది.

"ఉద్యోగం వచ్చిందట కదా."

"ఆఁ."

"ఉద్యోగం వచ్చినవాళ్ళు నలుగురికీ తీపి పంచుతారు. నువ్వు వట్టి చేతులతో వచ్చావు."

చిన్నమ్మాయి పెదవి కదిలింది. నవ్వో ఏడుపో తేలకముందే ఆగిపోయింది.

"నువ్వు అడిగింది తప్పని నేననను," అంది తల్లి నూనె రుద్దుతూనే. "అడిగితే ఆయన కాదంటారనుకున్నావా?"

"అరుస్తాడనుకున్నా."

"అరిస్తే బాగుండేది."

"అవును."

"ఇక ఇంట్లో కూడా అండీ అంటావా?"

"ఆయన ఏమంటే దాన్నిబట్టి."

తల్లి చెయ్యి ఒక్క క్షణం ఆగి, మళ్ళీ రుద్దింది.

మేస్త్రీ మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రావడం అరుదు. ఎప్పుడూ కార్ఖానాలో పనివాళ్ళతోనే తింటాడు. ఆ రోజు వచ్చాడు. జుట్టు మీద, కనుబొమల మీద చెక్కపొట్టు ఉంది. ఒక్కడే పొద్దుటినుంచి చిత్రిక పట్టిన గుర్తుగా కుడి అరచెయ్యి ఎర్రగా కంది ఉంది.

గదిలో కూతురు ఉండటం చూశాడు. ఎందుకొచ్చావనలేదు. వచ్చావా అనలేదు. చేతులు కడుక్కుని బల్ల దగ్గర తన కుర్చీలో కూర్చున్నాడు.

తల్లి నాలుగు కంచాలు పెట్టింది. నాలుగో కంచం పెట్టేటప్పుడు భర్త ముఖం చూసింది. ఆయన ఆ కంచం వైపు చూసి, తన కంచం దగ్గరికి జరుపుకున్నాడు. చిన్నమ్మాయి వచ్చి ఎదురుగా కూర్చుంది. అన్న ఆమె పక్కన కూర్చున్నాడు.

అన్నం వడ్డించింది తల్లి. కూర గిన్నె మధ్యలో పెట్టింది. ఎవరికి వాళ్ళు వేసుకున్నారు.

మామూలుగా ఆ బల్ల దగ్గర మేస్త్రీ నోరు ఊరుకోదు. వేసుకో, తిను, అది ఇటు జరుపు, అంత తక్కువా అని ఏదో ఒకటి అంటూనే ఉంటాడు. తెలుగులో కూతురితో ఒక చిన్న మాట అనాలన్నా ముందు ఆమె నువ్వో మీరో తేలాలి. వేసుకో అన్నా తేలిపోతుంది, వేసుకోండి అన్నా తేలిపోతుంది.

ఆయన తల వంచుకుని కలుపుకున్నాడు.

పెద్దబ్బాయి ఏదో మొదలుపెట్టబోయి, తల్లి చూపు తగిలి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

బయట వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు.

మేస్త్రీ గ్లాసు ఖాళీగా ఉంది. నీళ్ళ జగ్గు కూతురి మోచేతి పక్కన ఉంది. ఆయన గ్లాసు వైపు చూశాడు. జగ్గు వైపు చూశాడు. చెయ్యి చాస్తే అందదు. అడగాలి.

చిన్నమ్మాయి ఖాళీ గ్లాసు చూసింది. ఆమె చెయ్యి జగ్గు దాకా వెళ్ళి, పిడి మీద ఆగింది. ఎత్తలేదు. నువ్వంటాడో మీరంటాడో వినడానికి చూస్తోంది.

తల్లి లేవబోయి, మళ్ళీ కూర్చుంది.

మేస్త్రీ ఇంకో ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. అది పొడిగా గొంతులో అడ్డం పడింది. ఒకసారి దగ్గాడు. గుటక వేశాడు. మళ్ళీ కలుపుకోవడం మొదలుపెట్టాడు.